పంచిపెట్టిన బొమ్మలు

బెంటన్‌విల్,
ఫిబ్రవరి 2

అక్కయ్యా,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీరు అనుకుంటారు. ఫోన్ చేస్తే మీరు స్పీకర్‌లో పెట్టి పోపు వేసుకుంటూ మాట్లాడతారు. పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. ఇటు నేనేమో మా ఆయన పేరెత్తగానే మాట మార్చేస్తాను. కాగితమైతే ఇద్దరికీ తీరిగ్గా ఉంటుంది.

బావగారి ఒంట్లో ఎలా ఉంది? స్టెంట్ వేసి రెండేళ్ళు కావస్తోంది కదా, నడక మానొద్దని నా మాటగా చెప్పండి. తమ్ముడు నా మాట వినలేదు, అన్నగారైనా వినాలి.

విషయానికి వస్తాను. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసి నేనూ అవనీ ఈ చిన్న అపార్ట్‌మెంట్‌లోకి మారినప్పుడు, చోటు లేక ఆయన బొమ్మలు తొమ్మిదీ మీ దగ్గరికి పంపాను. అవి ఇప్పుడు కావాలి. వాటి సంగతి ఆయన మీకెప్పుడైనా చెప్పారో లేదో. అరవై ఏళ్ళ కిందట హవాయి, తాహితి దీవులకి విమానాలు నడిపిన కోరల్ స్టార్ అనే కంపెనీ ఉండేదట. టికెట్లమ్మే ఏజెంట్లు తమ కౌంటర్ల మీద పెట్టుకోమని ఆ దీవుల మనుషుల్లా చెక్కబొమ్మలు చేయించి ఊరికే పంచింది. డప్పు కొట్టేవాడు, నాట్యమాడే పిల్ల, తెడ్డు పట్టుకున్నవాడు, శంఖం ఊదేవాడు, అలా. కంపెనీ మునిగిపోయింది. బొమ్మలు చాలావరకు చెత్తలోకి పోయాయి. మిగిలినవాటి కోసం ఆయన ఏళ్ళ తరబడి శనివారాలన్నీ ఆర్కన్సా, మిస్సోరి, ఓక్లహోమాల్లో పాత సామాన్ల దుకాణాలు గాలించారు.

ఆ దీవుల మనుషులు అలా ఉండరని ఆయనే నవ్వేవారు. "టికెట్లు అమ్ముకోడానికి వీళ్ళు ఊహించుకున్న మనుషులే ఇవి. నన్నూ అంతే కదా, బ్యాడ్జి తగిలించి క్యూబికల్‌లో నిలబెట్టారు" అనేవారు.

టల్సా దగ్గర ఒక చిన్న విమానాల మ్యూజియం ఉంది. ఆయన అక్కడికి వెళ్తూ ఉండేవారు. మొన్న ఆవిడ, అంటే అక్కడ చూసుకునే పెద్దావిడ, నాకు ఫోన్ చేసింది. తొమ్మిది బొమ్మలూ ఒక్క చోట ఉన్నది ఆయన దగ్గరే అని ఆవిడకి తెలుసు. మే నెలలో ఒక అద్దాల పెట్టెలో శాశ్వతంగా పెడతారట. కింద కార్డు మీద ఆయన పేరు వేస్తారట. ఒకటీ రెండూ అయితే పేరుండదు, ఏదో అలమరలో మూల పెడతారు.

అక్కయ్యా, ఆయన పద్దెనిమిదేళ్ళు ఈ దేశంలో పనిచేశారు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉండగానే పోయారు. ఇల్లు అద్దెది. అస్థికలు బావగారు రాజమండ్రి తీసుకెళ్ళి గోదావరిలో కలిపారు. ఆయన ఇక్కడ ఉన్నట్టు ఒక రాయి కూడా లేదు. అవని అడిగింది, "నాన్న నేమ్ ఎక్కడైనా ఉంటుందా అమ్మా" అని. ఆ కార్డు మీద ఉంటుందని చెప్పాను. ఏప్రిల్ లోపల పంపిస్తే చాలు, పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.

మీ చెల్లెలు,
దమయంతి


శాన్ రామన్,
ఫిబ్రవరి 14

మా దమయంతికి,

నీ ఉత్తరం అందింది. మీ బావగారికి చూపించలేదు. తమ్ముడి మాటెత్తితే ఆ పూట ఆయనకి ముద్ద దిగదు. ఆ ఇంటి తోడికోడళ్ళం మనం, మన గొడవలు మన మధ్యనే ఉండనీ.

బొమ్మలెక్కడికి పోతాయే? వాటికేమన్నా కాళ్ళున్నాయా? గెరాజ్‌లో ఉన్నాయి. ఆ గెరాజ్ సంగతి నువ్వు చూడలేదు. మా వర్ష కాలేజీ డార్మ్ సామాను, మీ బావగారు ఎప్పటికీ ఎక్కని ట్రెడ్‌మిల్, సత్యనారాయణ వ్రతం పీటలు, అన్నీ దాంట్లోనే. వాటి వెనకాల నుంచి తీయాలంటే మనిషి కావాలి. జూన్‌లో వర్ష గ్రాడ్యుయేషన్ ఉంది. అది గట్టెక్కనీ, నెమ్మదిగా చూద్దాం.

అయినా మ్యూజియం వాళ్ళు ఫోన్ చేయగానే ఇచ్చేయడమేనా? ఇవాళ పెడతామంటారు, రేపు తీసేస్తామంటారు. నీకు ఎవరేం చెప్పినా నమ్మే గుణం. దివాకర్‌దీ అదే గుణం, పాపం.

ఇంకో మాట అంటాను, కోపం తెచ్చుకోకు. ఆ బొమ్మల దుమ్ము దులపలేక చస్తున్నానని నువ్వు నాతో ఎన్నిసార్లు అన్నావో గుర్తుందా? పండక్కి చీర కొనమంటే చెక్కముక్కలు కొనుక్కొచ్చాడని ఏడ్చావు. చచ్చినవాడి కళ్ళు చారెడంత అన్నట్టు ఇప్పుడు అవే దేవుళ్ళయ్యాయి. నువ్వు చదువు మీద ధ్యాస పెట్టు. దివాకర్ పోవడంతో నీ డిపెండెంట్ వీసా పోయింది, ఈ వయసులో స్టూడెంట్ వీసా మీద కాలేజీకి వెళ్తున్నావు. ఒక్క సబ్జెక్టు తప్పినా మొదటికే మోసం కదా.

గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. అవనికి కారం తగ్గించి వేరే సీసాలో పెట్టాను.

నీ అక్క,
జ్ఞానప్రసూన


బెంటన్‌విల్,
ఫిబ్రవరి 26

అక్కయ్య గారికి,

పచ్చడి అందింది. బాగుంది. అవని రెండు సీసాలూ తనవే అంటోంది.

దుమ్ము గురించి మీరన్నది నిజం. చీర గురించి కూడా నిజమే. ఆయన బతికుండగా ఆ బొమ్మల్ని నేను తిట్టాను, ఆయన్నీ తిట్టాను. కాపురం చేసినదాన్ని, ఆ హక్కు నాది. చారెడు కళ్ళ మాట మాత్రం మీరు రాయకుండా ఉండాల్సింది. ఆయన మీ చేతి అన్నం తిన్న మనిషి.

గెరాజ్‌లో పెట్టెల వెనకాల ఉన్నాయన్నారు. నిన్న అవని తన ఫోన్‌లో వర్ష పెట్టిన పాత ఫోటోలు చూస్తూ నా ముందుకు తెచ్చింది. దసరా కొలువు ఫోటో. మీ ఫ్యామిలీ రూమ్‌లో మెట్లు కట్టి, జరీ అంచు గుడ్డ పరిచి, పైన రాముడూ సీతా, ఆ కింద దశావతారాలు, పెళ్ళి బొమ్మలు, కిరాణా కొట్టు సెట్టిగారు. అన్నిటికన్నా కింద మెట్టు మీద మా ఆయన బొమ్మలు తొమ్మిదీ నిలబడి ఉన్నాయి. ఒక్కోదానికి నడుముకి బుల్లి పట్టుగుడ్డ కట్టారు. డప్పువాడి నుదుటిన బొట్టు కూడా పెట్టారు. చూడగానే నాకు నవ్వొచ్చింది. ఆయన చూస్తే పొట్ట పట్టుకుని నవ్వేవారు.

తర్వాత ఏడుపొచ్చింది. ఏడాది తీరాక పెట్టుకున్నారు, అందులో తప్పు లేదు. బొమ్మల్ని కొలువులో పెట్టారు, అదీ తప్పు కాదు. కొలువు పెట్టానని నాతో ఒక్క ముక్క అనలేదు. అవే బొమ్మలు మీ అతిథుల ముందు నిలబడి మర్యాదలు అందుకున్నాయి, నన్ను మాత్రం రమ్మని పిలవలేదు. విమానం టికెట్ కొనుక్కుని రాలేననా? వస్తాననా?

ఇక గెరాజ్ మాట వద్దు. పార్సిల్ ఎప్పుడు వేస్తున్నారో రాయండి.

దమయంతి


శాన్ రామన్,
మార్చి 5

దమయంతీ,

పిల్లల ఫోన్లు మన కొంపలు కూల్చడానికే వచ్చాయి. సరే, పెట్టాను కొలువు. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు వస్తానంటావని భయపడ్డాను, అది నిజం.

నిన్నెలా పిలవను? నువ్వే చెప్పు. పేరంటానికి వచ్చినవాళ్ళు వరసగా కూర్చుంటారు. నేను పసుపు రాస్తూ, బొట్టు పెడుతూ వస్తాను. నీ దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగాలి. నలుగురూ చూస్తారు. నువ్వు చిన్నబుచ్చుకుంటావు, నేను సిగ్గుతో చస్తాను. ఈ ఆచారం నేను పెట్టానా? మన అత్తగారు పెట్టారా? ఎప్పటినుంచో ఉన్నది. అమెరికా వచ్చినంత మాత్రాన నేనొక్కదాన్ని మార్చేస్తే చెల్లుతుందా? నువ్వెప్పుడు నా ఇంటికొచ్చినా నీకు కంచంలో అన్నం ఉంటుంది, పడుకోవడానికి పక్క ఉంటుంది. పేరంటం వేరు.

ఆ మాట నాకు బాధ కాదనుకోకు. కొలువు నాడు ఆ బొమ్మలు చూసినప్పుడల్లా నా మరిది గుర్తొచ్చి కొంగు తడిసింది. అందరికీ చెప్పాను, మా దివాకర్ పోగు చేసినవని.

పార్సిల్ ఇవాళే వేశాను. తొమ్మిదీ ఉన్నాయి. నీకు కావలసింది నీకు చేరింది కనుక ఈ సంగతి ఇంతటితో వదిలెయ్. ఇంటిగుట్టు లంకకు చేటు. పిల్లల దగ్గర దీన్ని పెంచకు.

జ్ఞానప్రసూన


బెంటన్‌విల్,
మార్చి 13

అక్కయ్య గారికి,

పార్సిల్ వచ్చింది. అవనీ నేనూ నేల మీద కూర్చుని విప్పాం.

తొమ్మిది ఉన్నాయి. రెండు ఆయనవి, శంఖం ఊదేవాడూ, బిడ్డని ఎత్తుకున్న ఆవిడా. మిగతా ఏడూ ఏదో పార్టీ సామాన్ల షాపులో కొన్న ప్లాస్టిక్ బొమ్మలు. ఒకదాని అడుగున స్టిక్కర్ పీకడం మర్చిపోయారు. ఒకడి నెత్తి మీద కొవ్వొత్తి పెట్టుకోవడానికి కన్నం కూడా ఉంది. అవని వాటిని వరసగా పెట్టి, "పెద్దమ్మ థింక్స్ వి ఆర్ స్టుపిడ్, అమ్మా" అంది. పదహారేళ్ళ పిల్ల అన్న మాట అది.

అవని వర్షకి ఫోన్ చేసి నా చేతికిచ్చింది. మీ కూతురికి అబద్ధం చేతకాదు, ఆ విషయంలో అది వాళ్ళ బాబాయి పోలిక. "పిన్నీ, మమ్మీ వాటిని రిటర్న్ గిఫ్ట్స్‌గా ఇచ్చేసింది కదా, మీకు తెలుసు అనుకున్నా" అంది. ఎవరెవరికి ఇచ్చారో కూడా చెప్పింది. ఆ రోజు సంచుల్లో సర్దింది తనేనట.

నేను దాచమని ఇచ్చాను. మీరు తాంబూలాల్లో పంచారు. నేను అడిగితే గెరాజ్ అన్నారు, తర్వాత పార్సిల్ అన్నారు, చివరికి ప్లాస్టిక్ పంపించారు. ఒక్కసారి, ఒక్క ఉత్తరంలో, జరిగింది ఇదీ అని రాసి ఉంటే మీరూ నేనూ కలిసి ఏదో ఒకటి చేసేవాళ్ళం. ఇప్పుడైనా ఆ ఏడుగురికీ ఫోన్ చేసి తిరిగి తెప్పించండి. రెండు బొమ్మలతో ఆయన పేరు ఆ కార్డు మీదికి ఎక్కదు.

దమయంతి


శాన్ రామన్,
మార్చి 19

దమయంతీ,

అవును, ఇచ్చాను. దొంగతనం చేసినట్టు మాట్లాడకు.

ఆ రోజు ఏం జరిగిందో విను. ఇత్తడి దీపాలు రిటర్న్ గిఫ్ట్స్‌కని హైదరాబాద్ నుంచి తెప్పించాను. సగం పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోయింది. పిలిచినవాళ్ళు వాళ్ళ చెల్లెళ్ళనీ స్నేహితురాళ్ళనీ వెంటపెట్టుకొచ్చారు. ఈ ఊళ్ళో తాంబూలం చేతిలో పెట్టి గిఫ్ట్ లేకుండా పంపిస్తే మర్నాటికి గుడిలో చెప్పుకుంటారు. ఏడుగురు వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నారు. కొలువు చివరి మెట్టు మీద నా కంటికి అవే కనబడ్డాయి. ఎయిర్‌లైన్స్ వాడు ఊరికే పంచిన బొమ్మలని దివాకరే చెప్పాడు నాకు. ఊరికే వచ్చినవి మంచి రోజున మంచి చేతుల్లోకి వెళ్తే ఏం పోయిందనుకున్నాను. వాటికింత కథ ఉందని నాకెవరు చెప్పారు?

తెచ్చివ్వమన్నావు. అడగను. నా వల్ల కాదు. పసుపు కుంకుమతో ముత్తైదువ చేతిలో పెట్టింది వెనక్కి అడిగితే ఎవరికి చుట్టుకుంటుందో నీకూ తెలుసు. మీ బావగారు రాత్రి పక్క మీద అటు తిరిగితే నేను లేచి ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకుంటాను. రెండేళ్ళుగా నాది ఇదే నిద్ర. అన్నదమ్ములిద్దరికీ ఒకటే గుండె. నీ అదృష్టం అలా అయింది. నేను పోగొట్టుకోలేను. ఇది నీకు రాయకూడని మాటని తెలిసే రాస్తున్నాను.

కావాలంటే నేనే మ్యూజియంకి ఫోన్ చేసి ఏదో సర్దిచెప్తాను. నువ్వు మాత్రం ఆ ఆడవాళ్ళ జోలికి వెళ్ళకు. వాళ్ళ మధ్య తిరగాల్సింది నేను. నా తల తీసేయకు.

జ్ఞానప్రసూన


శాన్ రామన్,
మార్చి 27

అక్కయ్య గారికి,

పైన ఊరి పేరు చూసి ఉలిక్కిపడకండి. కాలేజీకి వారం సెలవులు. నేనూ అవనీ మీ ఇంటికి దగ్గర్లోనే ఒక హోటల్లో ఉన్నాం. మీ ఇంట్లో కంచం, పక్క ఉంటాయన్నారు. హోటల్లోనూ ఉన్నాయి.

మీరు అడగలేనన్నారు. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు, అందుకే మీ చేత అడిగించలేదు. నన్నింక ఏదీ చుట్టుకోవడానికి లేదు కాబట్టి నేనే అడిగాను. ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పాను. "నేను దివాకర్ భార్యని. దసరాకి మీకు వచ్చిన చెక్కబొమ్మ ఆయనది. పొరపాటున వచ్చింది. ఇస్తారా?" మీ పేరు ఎత్తలేదు.

రష్మి గారు తలుపు తీసి ముఖం దించుకుంది. "ఏమనుకోకండీ, ఎక్కడ పెట్టాలో తెలీక, ఫ్రీ అని బోర్డు రాసి రోడ్డు పక్కన కర్బ్ మీద పెట్టేశా. గంటలో ఎవరో తీసుకుపోయారు" అంది. నాట్యమాడే పిల్ల అలా పోయింది. తెడ్డు పట్టుకున్నవాణ్ణి ఇంకొకరి కుక్క కొరికేసింది, చెత్తబుట్టలో వేశారు. ఆ తెడ్డువాడి కోసం ఆయన జ్వరంతో మిస్సోరి దాకా డ్రైవ్ చేశారు. నేను ఆ ఇంటి సోఫాలో కూర్చుని వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చాను.

మిగతా ఐదుగురూ వెంటనే ఇచ్చేశారు. ఎవరికీ వాటి మీద ఏ ప్రేమా లేదు. "థాంక్ గాడ్ ఆంటీ, మా ఆయన రోజూ ఈ సంచీ పారేయమని గొడవ" అంది అనుష్క అనే అమ్మాయి. పెళ్ళై ఏడాది కూడా అయినట్టు లేదు. సంచీ విప్పనే లేదట, మీరిచ్చింది ఇచ్చినట్టే అల్మరాలో ఉంది. తెచ్చి నా చేతికి ఇవ్వబోయి, లోపలికి చూసి, నా నుదురు వైపు చూసింది. సంచీలో చెయ్యి పెట్టి కుంకుమ పొట్లం, ఎండిపోయిన తమలపాకులు తీసేసుకుని, బొమ్మ ఒక్కటే నా చేతిలో పెట్టింది. చెడ్డ పిల్ల కాదు. అలా చేయాలని దానికి ఎవరో నేర్పారు. అవని కారులో కూర్చున్నాక, "షి టుక్ సమ్‌థింగ్ అవుట్. ఏంటమ్మా అది?" అని అడిగింది. మిఠాయేమో అన్నాను.

ఐదుగురు ముత్తైదువలు తాంబూలం తిరిగిచ్చారు. వాళ్ళ మొగుళ్ళందరూ ఆ సాయంత్రం ఆఫీసుల నుంచి క్షేమంగానే ఇల్లు చేరారని రష్మి గారు ఫోన్‌లో చెప్పింది, నేను అడక్కుండానే. మీకు నిద్ర పట్టడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

మీ ఇంటి ముందు నుంచే వెళ్ళాం. బావగారు వాకిట్లో మెల్లగా నడుస్తున్నారు. చిక్కిపోయారు. అవని కారు ఆపమంది. ఆపలేదు. ఆపితే ఆయన అడుగుతారు, నేను చెప్పేస్తాను. ఆయనకి చెప్పాల్సింది మీరు.

మ్యూజియం ఆవిడతో మాట్లాడాను. ఏడు ఉన్నాయి కనుక పెడతామంది, ఆయన పేరు వేస్తామంది. లేని రెండింటికీ చోటు ఖాళీగా వదిలి, అవి ఎలా పోయాయో కింద రాయడం వాళ్ళ పద్ధతట. ఏం రాయమంటారని అడిగింది. ఆలోచించి చెప్తానన్నాను.

దమయంతి


శాన్ రామన్,
మే 30

దమయంతీ,

రెండు నెలలు నీకు రాయలేదు. నువ్వు ఊరొచ్చి గుమ్మం తొక్కకుండా వెళ్ళావన్న కోపం ఉండింది. ఇప్పుడు కోపానికి నాకు ఓపిక లేదు.

అవని మ్యూజియం ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. మీ బావగారు సోఫాలో కూర్చుని చూశారు. తమ్ముడి పేరు పైకి చదివారు. "చూశావా ప్రసూనా, మనవాడి పేరు" అని నన్ను పిలిచారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఈ మధ్య చూడలేదు. తర్వాత ఫోటో పెద్దది చేసి ఆ కింద చిన్న అక్షరాలు చదివారు. 'ఈ రెండు బొమ్మలను కుటుంబసభ్యులు పంచిపెట్టారు' అని. ఎవరు ఈ కుటుంబసభ్యులు అని అడిగారు. నేను చెప్పాల్సొచ్చింది. అంతా చెప్పాను, ప్లాస్టిక్ బొమ్మల దాకా. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి నడకకి వెళ్ళారు. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. కాఫీ ఇస్తే తీసుకుంటారు, మందులిస్తే వేసుకుంటారు.

ఎప్పుడు ఈయన్ని పోగొట్టుకుంటానోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను. మనిషి ఇంట్లోనే ఉన్నారు, నాకు లేరు.

దమయంతీ, తప్పు నాది. పంచడమూ తప్పే, దాచడమూ తప్పే. నిన్ను పిలవకపోవడం కూడా తప్పేనేమో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. కానీ శాశ్వతంగా ఉండే చోట ఆ మాట రాయిస్తావా? రేపు వర్ష పిల్లలు వెళ్ళి చదువుతారు. మన ఇంటి పరువు దారిన పోయేవాళ్ళ ముందు పెట్టావు. అవి పోయాయి అని రాయించు, చాలు. ఆ 'కుటుంబసభ్యులు' అన్న మాట తీయించు. నీ కన్నా పెద్దదాన్ని, అయినా అడుగుతున్నాను.

జ్ఞానప్రసూన


బెంటన్‌విల్,
జూన్ 16

జ్ఞానప్రసూన గారికి,

మొన్న శనివారం బావగారు ఒక్కరే ఇక్కడికి వచ్చారు. మీకు డల్లస్‌లో స్నేహితుడి ఇంట్లో గృహప్రవేశమని చెప్పి బయల్దేరారట. టల్సాకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. దారి పొడుగునా తమ్ముడి చిన్నప్పటి కబుర్లు చెప్పారు. అవని వెనక సీట్లో కూర్చుని అన్నీ విన్నది. వాళ్ళ నాన్న ఈత నేర్చుకోబోయి మునిగినంత పనైన సంగతి దానికి కొత్త.

అద్దాల పెట్టె ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. ముందు పేరు చదివారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని కింది లైను చదివారు. "కుటుంబసభ్యులంటే ఎవరని ఎవరైనా అడుగుతారేమోనమ్మా. అన్న శేషగిరి అని నా పేరు వేయించు. ప్రసూన పేరు ఎక్కడా రాకూడదు" అన్నారు. మీతో మాట్లాడటం మానేసిన మనిషి ఇక్కడికొచ్చి అడిగింది అది. మీకు తెలియాలని రాస్తున్నాను. ఆయన అలా అడుగుతుంటే నాకు ఏడుపాగలేదు. మీ మీద కోపం మాత్రం తగ్గలేదు.

బావగారి పేరు వేయించలేదు. ఆయన పంచలేదు, ఆయనకి తెలియదు. చేయని పని ఆయన నెత్తిన పెట్టి తమ్ముడి పక్కన నిలబెట్టలేను. ఆయన ఎప్పుడు వచ్చినా మా అపార్ట్‌మెంట్ ఆయన తమ్ముడి ఇల్లే.

మీరు అడిగింది మాత్రం చేశాను. మీ ఉత్తరం చదివాక చాలా రోజులు ఆలోచించాను. ఆ మాట అక్కడ ఉండకూడదని మీరన్నది నిజమే అనిపించింది. మ్యూజియం ఆవిడకి ఫోన్ చేస్తే కార్డు మార్చడం పెద్ద పని కాదంది. నిన్న వెళ్ళి చూసి వచ్చాను. పైన దివాకర్ పేరు అలాగే ఉంది. కింద ఇప్పుడు 'ఈ రెండు బొమ్మలను పరిచయస్తులు పంచిపెట్టారు' అని ఉంది.

దమయంతి